జానెడు వీపు

మా ఆయన వీపు పదడుగుల పొడవున ఒక పాత బియ్యం గోడౌన్ కప్పునుంచి వేలాడుతుంటే చూడడానికి నేను స్కూలుకి సెలవు పెట్టి వెళ్ళాను. ఇంతకంటే దిక్కుమాలిన పనికి ఎవరైనా క్యాజువల్ లీవు వాడి ఉంటే చెప్పండి, వాళ్ళకి దణ్ణం పెడతాను.

దాన్ని అక్కడ వేలాడదీసింది మా అక్క కాంతమణి కూతురు మేబెల్. బొమ్మలు వేయడం నేర్చుకుంటానని యూనివర్సిటీలో చేరిన పిల్ల, మూడేళ్ళు తిరిగేసరికి బొమ్మలు వేయడం పూర్తిగా మానేసింది. ఇప్పుడు ఇన్‌స్టలేషన్ చేస్తుందట. అంటే ఏమిటే అని అడిగితే, "వస్తువులన్నీ ఒకచోట పెడతాం పిన్నీ, మనుషులు వాటి మధ్యలోంచి నడుస్తారు" అంది. మా ఇంట్లో మూడుపూటలా జరిగేది అదే. మాకు మాత్రం ఎవరూ బొకే ఇవ్వరు.

మా ఆయన పేరు అబ్రహాం. మల్కాజ్‌గిరిలో ఇల్లు, ప్యారడైజ్ దగ్గర ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ ఉద్యోగం. నేను చెప్తున్నది 2010 సంగతి, అప్పటికాయనకి నలభై తొమ్మిదేళ్ళు. పొట్ట, కళ్ళజోడు, పొద్దున్నే బీపీ మాత్ర. కానీ మా పెళ్ళినాటికి ఆయన బాడీబిల్డర్. బన్సీలాల్‌పేటలో ఒక రేకుల షెడ్డు తాలీంఖానా ఉండేది. ఆఫీసు వదలగానే అక్కడికి పోయి ఇనుము ఎత్తేవాడు. పక్కనే ఎత్తేవాడు సదాశివ. ఇద్దరూ ఆరో తరగతి నుంచి స్నేహితులు. ఒకే సైకిల్, ఒకే టిఫిన్ డబ్బా. మా పెళ్ళిలో చర్చి గుమ్మం దగ్గర నిలబడి, లోపల ఏం జరుగుతోందో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నాకంటే ఎక్కువ ఏడ్చిన మనిషి సదాశివ.

బాడీబిల్డింగ్ పోటీల్లో ఒక పద్ధతి ఉంది. స్టేజీ ఎక్కేముందు కొబ్బరినూనెలో గోధుమరంగు కలిపి ఒళ్ళంతా పట్టిస్తారు, లైట్లకి కండలు తేలి కనబడాలని. ఛాతీ, చేతులు, తొడలు ఎవరివి వాళ్ళే రాసుకుంటారు. వీపు ఎవరిది వాళ్ళకి అందదు. దానికి నమ్మకమైన మనిషి కావాలి. మా ఆయన వీపు సదాశివకి, సదాశివ వీపు మా ఆయనకి. భార్య ఉంది కదా, ఆమె రాయకూడదా అని కొత్తలో అడిగాను. "ఆడోళ్ళ చేతికి ఆ పట్టు రాదు కృపా" అన్నాడు. మరి నడుం నొప్పికి జండూబామ్ రాసేటప్పుడు ఆ పట్టు ఎక్కణ్ణుంచి వచ్చేదో నాకు తెలియదు.

1988లో 'లష్కర్ శ్రీ' అని బాడీబిల్డింగ్ పోటీ పెట్టారు. మా పెళ్ళయి మూడు నెలలు. పోటీకి రెండు రోజుల ముందు ఈయనకి నడుం పట్టేసింది. తాలీంలో ఎవరికీ చెప్పొద్దన్నాడు. మగాడికి నడుం నొప్పి రాకూడదట, వచ్చినా పోటీ అయ్యాకే రావాలట. నేను ప్లాస్టర్ తెచ్చి అంటించాను, పోటీ రోజు పొద్దున పీకేశాను, ఆయన వీధి చివరికి వినిపించేలా అరిచాడు, వెళ్ళాడు. అర మార్కు తేడాతో సదాశివ ఫస్టు, ఈయన సెకండు.

దిగి వచ్చాక జడ్జి ఒకాయన, "నడుం మీద రంగు వదిలేశావేంటయ్యా, అక్కడే పోయింది నీకు" అన్నాడట. ఈయన అద్దం ముందు మెడ తిప్పి తిప్పి చూసుకుంటే నిజంగానే ఒక మూల తెల్లగా కనబడిందట. అంతే. సదాశివ కావాలనే వదిలేశాడు, అయిదు వేళ్ళూ అక్కడే ఆపేశాడు, నేను మాత్రం వాడి వీపు అద్దంలా మెరిపించాను! ఆ మాట మొహం మీదే అనేశాడు. సదాశివ అవుననలేదు, కాదనలేదు. కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఇరవై రెండేళ్ళు మాటల్లేవు.

ఆ ఇరవై రెండేళ్ళూ పడింది నేను. స్నేహితుడు దూరమయ్యాక ఆయన మొత్తంగా నా నెత్తిన పడ్డాడు. తాలీం మానేశాడు. సాయంత్రం అయిదున్నరకల్లా ఇంటికొచ్చి కూచుని, కూరలో ఉప్పు దగ్గర్నుంచి మా సంఘం పాస్టరు గారి ప్రసంగం పొడవు దాకా అన్నీ నాకే చెప్పేవాడు. ఏ మాట మొదలుపెట్టినా చివరికి ఆ వీపు దగ్గరికే వచ్చేది. మనుషుల్ని నమ్మకూడదు కృపా, వీపు మీద కొడతరు. పోనీ ఒక్కసారి వెళ్ళి మాట్లాడండి, ఇక్కడికీ బన్సీలాల్‌పేటకీ ఎంత దూరం అంటే, "వాడొచ్చి తప్పయిందని చెప్పాలె" అనేవాడు. ఆయనకి ఇంకో స్నేహితుడు దొరకలేదు. వెతుక్కోనూ లేదు. ఆదివారాలు మధ్యాహ్నం భోజనమయ్యాక కిటికీ దగ్గర కూచుని రోడ్డు చూస్తూ ఉండేవాడు. ఆ మెడ వెనకభాగం చూస్తే నాకు జాలీ వేసేది, ఒక్కటి ఇవ్వాలనీ అనిపించేది.

నేనూ తక్కువ తినలేదు లెండి. క్రిస్మస్‌కి కేకు ఇవ్వాల్సిన ఇళ్ళ పేర్లు రాసుకునే నోటుబుక్కులో సదాశివ పేరు ఎర్ర ఇంకుతో కొట్టేశాను. మా ఆయన వీపుని మోసం చేసినవాడికి మా ఇంటి కేకు ఎందుకని. ఒకసారి మోండా మార్కెట్లో ఎదురుపడి "బాగున్నరా వదినా" అంటే, విననట్టు వంకాయలు ఏరుకుంటూ నిలబడ్డాను.

ఇలాంటి మా ఆయన దగ్గరికి మేబెల్ టేపురికార్డర్ పట్టుకుని వచ్చింది. నాలుగు ఆదివారాలు వచ్చింది. "మగతనం అనేది ఒక పెర్ఫార్మెన్స్ బాబాయ్. మీరంతా ఒక సబ్‌కల్చర్. దాని గురించి సిటీలో ఎవరూ రికార్డు చేయలేదు" అంది. ఈయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మర్నాడు పాలవాడితో, ఎదురింటి రామభద్రరావు గారితో, "మాది సబ్‌కల్చరంట" అని చెప్పుకున్నాడు. రావు గారు అదేదో పైచదువు అనుకుని కంగ్రాట్స్ చెప్పాడు.

మేబెల్ ఎక్కడెక్కడో తిరిగి, మూతబడిన ఒక ఫోటో స్టూడియో వాళ్ళ దగ్గర లష్కర్ శ్రీ నెగెటివ్‌లు సంపాదించింది. ఆ ఫోటోగ్రాఫరు ఎవరో గాని స్టేజీ వెనకాల నిలబడి, తమ వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ వీపులు తీశాడు. మొత్తం తొమ్మిది వీపులు. వాటిని పెద్దవి చేయించి బట్టమీద అచ్చువేయించి వేలాడదీస్తానంది. ముందువైపు చూపించాలే గాని వెనకవైపు ఏమిటే అన్నాను. "ముందువైపు వాళ్ళు చూపించాలనుకున్నది పిన్నీ. వెనకవైపు వాళ్ళకే తెలియనిది" అంది. తెలివైన పిల్లే, కాదనను. ఆ తెలివి ఒంటికి పడక అక్క బీపీ తెచ్చుకుంది, అది వేరే సంగతి.

అసలు తలనొప్పి ఆహ్వానం వచ్చాక మొదలైంది. మా ఆయన దాన్ని సన్మానం అనుకున్నాడు. ఎంత చెప్పినా వినడే. మనవైపు ఒక మనిషిని పిలిచి పదిమందిలో నిలబెట్టారంటే అది సన్మానం కాక మరేమిటి? సఫారీ సూటు పెట్టెలోంచి తీసి, పొట్ట దగ్గర వదులు చేయించాడు. ప్రారంభ ప్రార్థన ఎవరు చేస్తారని మేబెల్‌కి ఫోన్ చేసి అడిగాడు. అధ్యక్షుడు ఎవరన్నాడు. శాలువా ఎవరు కప్పుతారన్నాడు. "శాలువా లేదు బాబాయ్, అలాంటి ప్రోగ్రామ్ కాదు" అని ఆ పిల్ల నవ్వితే, ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి, "చిన్నపిల్ల, ఏం తెల్వదు. నువ్వే ఒకటి కొని బ్యాగుల పెట్టుకో. టైముకి ఎవరి చేతికన్నా ఇద్దువు గాని" అన్నాడు. తన సన్మానానికి తనే శాలువా కొనుక్కునే మనిషిని నేను చేసుకున్నాను. జనరల్ బజార్లో మెరూన్ రంగుది, జరీ అంచుది కొన్నాను. వద్దంటే వారం రోజులు అదే పాట వినాలి, నాకు ఓపిక లేదు.

రాణీగంజ్‌లో ఆ గోడౌన్. సాయంత్రం నాలుగింటికి వెళ్ళాం. లోపల వెలుతురు తక్కువ, ఇంకా పాత గోనెసంచుల వాసన పోలేదు. గెడ్డాల కుర్రాళ్ళు, చేనేత చీరల ఆడవాళ్ళు, ముప్పయి మంది దాకా ఉన్నారు. కప్పునుంచి తొమ్మిది వీపులు వేలాడుతున్నాయి, ఫ్యాను గాలికి కొద్దిగా ఊగుతున్నాయి. ఎక్కణ్ణుంచో స్పీకర్లో మగవాళ్ళు ఊపిరి బిగబట్టి వదిలే చప్పుడు. మధ్యలో బహుమతులిచ్చేటప్పుడు ఎక్కి నిలబడే మూడు మెట్ల చెక్కపీట, దానిమీద ఒక కొబ్బరినూనె సీసా, స్టీలు గిన్నె. పీట మీద మనిషి లేడు. ఆ ఖాళీయే అసలు అర్థమని మేబెల్ ఎవరికో చెప్తోంది.

మా ఆయన అధ్యక్షుడి కోసం చుట్టూ చూశాడు. కుర్చీలు లేవు, మైకు లేదు, బ్యానరు లేదు. "ఏందీ గిట్ల చేసిన్రు?" అన్నాడు. అప్పుడే తలుపు దగ్గర పొట్టి చేతుల చొక్కా వేసుకున్న ఒక మనిషి, మోకాలు కొంచెం ఈడుస్తూ లోపలికి వచ్చాడు. జుట్టు మొత్తం నెరిసింది గాని భుజాలు అవే. మేబెల్ అతన్ని కూడా పిలిచింది. మాకు చెప్పలేదు.

"వాడొస్తడని నాకెందుకు చెప్పలే?" అని మా ఆయన పిల్ల మీద లేచాడు. "పద కృపా, పోదాం." సదాశివ దూరంగానే ఆగిపోయాడు. రాలేదు, పోలేదు. తన వీపు తనే చూసుకుంటూ నిలబడ్డాడు. ఇదిగో, ఇంకో ఇరవై రెండేళ్ళకి ఇక్కడే పునాది పడుతోంది అనుకున్నాను. ఈసారి ఇంటికెళ్తే సన్మానం జరగని బాధ కూడా దీనికి కలుస్తుంది, రెండూ కలిపి నేనే వినాలి. ఒళ్ళు మండిపోయి, ఇంతమంది మీద ఇంత పెత్తనం చేసిన ఆ మచ్చ ఏపాటిదో చూద్దామని మా ఆయన వీపు దగ్గరికి వెళ్ళాను.

ఇన్నేళ్ళూ దాన్ని నేను అయిదు వేళ్ళ ఆకారంలో ఊహించుకున్నాను, ఆయన అలాగే చెప్పేవాడు కాబట్టి. అక్కడ వేళ్ళు లేవు. కొలిచి కత్తిరించినట్టు నాలుగు మూలలతో, అసలు వీపు మీదైతే జానెడుండే తెల్లటి మచ్చ. దాని లోపల వరసలు వరసలుగా నల్లటి చుక్కలు.

నడుం నొప్పికి వేసే ప్లాస్టర్ ప్రతి ఇంట్లోనూ చూసిందే. దానికి వరసగా చిల్లులుంటాయి. జిగురు మిగిలిన చోట రంగు పట్టలేదు. చిల్లులున్న చోట పట్టింది.

ఆ పొద్దున అంతా గుర్తొచ్చింది. ప్లాస్టర్ పీకాక, "కిరసనాయిలు పెట్టి జిగురు తుడువు" అన్నాడు. పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి. చీరకొంగుతో ఒకసారి అటూ ఇటూ అని వంటింట్లోకి పరిగెత్తాను. "పోయిందా?" అని అక్కణ్ణుంచి అరిచాడు. "పోయింది" అని ఇక్కణ్ణుంచి అరిచాను. చూడలేదు. సాయంత్రం సెకండు కప్పు బల్లమీద పెట్టి, కళ్ళు ఎర్రగా చేసుకుని మళ్ళీ అడిగాడు, "జిగురు మంచిగ తుడిచినవు కదా?" అని. పెళ్ళయి మూడు నెలలు, ఆయన కోపం ఎంతవరకూ పోతుందో నాకింకా తెలియదు. "తుడిచాను" అన్నాను. పొద్దున అన్నది పరాకు. సాయంత్రం అన్నది అబద్ధం. ఆ తర్వాత నేను కూడా దాన్నే నమ్మేశాను. ఎంతగా నమ్మానంటే, ఎర్ర ఇంకుతో ఒక మనిషి పేరు కొట్టేసేంతగా.

"ప్లాస్టర్!" అని అరిచాను. గోడౌనంతా మారుమోగింది. "ఏమండీ, ఇటు రండి. చూడండి దీన్ని. చుక్కలు చూడండి. సదాశివ అన్నయ్య వదిలేసింది కాదిది. నా ప్లాస్టర్ జిగురు. నేను తుడవలేదు. తుడిచానని మీకు అబద్ధం చెప్పాను. ఇరవై రెండేళ్ళు ఈ జానెడు వీపు పట్టుకుని నన్ను చంపుకు తిన్నారే, అది చేసింది నేనే!"

చుట్టూ ఉన్నవాళ్ళు గుండ్రంగా చేరారు. ఇది కూడా మేబెల్ ఏర్పాటు చేసిన పెర్ఫార్మెన్స్ అనుకున్నట్టున్నారు. ఒక గెడ్డం కుర్రాడు సెల్‌ఫోన్లో తీస్తున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు, మిగతావాళ్ళూ కొట్టారు. నాకు ఏడుపొస్తుంటే వీళ్ళు చప్పట్లు. "ఆపండి! నేను మల్కాజ్‌గిరిలో సోషల్ టీచర్ని!" అన్నాను. ఇంకా గట్టిగా కొట్టారు.

మా ఆయన వచ్చి మచ్చ దగ్గర నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, చుక్కల వరస మీద వేలు పెట్టి చూశాడు. నావైపు చూడలేదు. సదాశివ వైపు తిరిగి, "నీకు తెల్వదారా?" అన్నాడు.

సదాశివ రెండడుగులు దగ్గరికి వచ్చాడు. "చెయ్యి పెట్టంగనే తెలిసింది. జిగురు జిగురు ఉండె. ఎంత రాసినా రంగు పట్టలే. నడుం నొప్పని నాకు సుత చెప్పలే నువ్వు."

"మరి నేను అన్ని మాటలన్నప్పుడు చెప్పాలె కదరా!"

"చెప్తే ఏం చేస్తువు? ఇంటికి పోయి వదినను తిడుతువు."

"తిడుతుంటి."

"అందుకే చెప్పలే" అన్నాడు సదాశివ. "కొత్త పెండ్లికూతురు. ఊరు గాని ఊరు వచ్చిన పిల్ల. పదిరోజులైతే నీ కోపం పోతది, అప్పుడు చెప్దామనుకున్న. నువ్వు పదిరోజులకు రాలే."

వంకాయలు గుర్తొచ్చాయి నాకు. "బాగున్నరా వదినా" అని ఎంత మర్యాదగా అడిగాడో గుర్తొచ్చింది. ఏ మనిషి నన్ను తిట్లు తినకుండా కాపాడడానికి తన ఒక్కగానొక్క స్నేహితుణ్ణి వదులుకున్నాడో, ఆ మనిషికి నేను మొహం తిప్పుకున్నాను. ఇన్నేళ్ళూ ఈ ఇద్దరు మగవాళ్ళ మొండితనం మధ్య నలిగిపోయానని అందరికీ చెప్పుకు తిరిగాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మా ఆయన సఫారీ బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. "ఏమండీ, ఏంటిది?" అన్నా ఆగలేదు. కోటు, బనీను విప్పి నా చేతిలో పెట్టి, చెక్కపీట మీద రెండో మెట్టు ఎక్కాడు. ఫస్టుది ఖాళీగా ఉన్నా రెండోదే ఎక్కాడు. పొట్ట ముందుకి జారింది. తలొంచుకుని, సదాశివ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

"బాబాయ్, ప్లీజ్, అక్కడ ఎవరూ నిలబడకూడదు, ఆ సీసా ముట్టుకోకూడదు" అని మేబెల్ పరిగెత్తుకొచ్చింది.

"నువ్వు జెర ఊకో బిడ్డా" అన్నాడు సదాశివ. సీసా తీసి, నూనె గిన్నెలో పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. మెల్లగా, ఒక్క అంగుళం వదలకుండా రాస్తున్నాడు. మా ఆయన భుజాలు అదురుతున్నాయి. మొహం నాకు కనబడలేదు. వీపు చాలు, తెలుస్తూనే ఉంది.

చప్పట్లు ఆగిపోయాయి. స్పీకర్లో ఊపిరి చప్పుడు ఒక్కటే వినబడుతోంది. నేను బ్యాగు తెరిచి మెరూన్ శాలువా తీశాను. మడతలు విప్పి వెళ్ళి సదాశివ భుజాల మీద కప్పాను. అతను "వద్దు వదినా, వద్దు" అని వెనక్కి జరిగాడు గాని, చేతులనిండా నూనె, ఆపలేకపోయాడు. "నన్ను క్షమించు అన్నయ్యా" అన్నాను.

మా ఆయన మెడ తిప్పి చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆ శాలువా నా కోసం కొన్నది కదనే" అన్నాడు.

"మీరు నోరు మూసుకుని అటు తిరగండి. వీపు ఇంకా సగమే అయింది" అన్నాను.